క్యూలో నిలబడనివాడే మొనగాడు: దుబాయ్‌లో పాస్‌పోర్ట్ రెన్యువల్‌కి చిట్కాలు

తమ్ముడూ, మొండెంఖల్ కొండ దిగి, కురుపాంలో బస్సెక్కి, పార్వతీపురంలో రైలు పట్టుకుని, ఎలాగోలా దుబాయ్ చేరి సోనాపూర్ క్యాంపులో పైమంచం సంపాదించినవాడివి నువ్వు. అంత అవస్థ పడ్డవాడు పాస్‌పోర్ట్ రెన్యువల్ కోసం ఇంకోసారి అవస్థ పడాలా? అక్కర్లేదు. మన కురుపాం కుర్రాళ్ళు ఇండియన్ కాన్సులేట్ పేరు చెప్పగానే బిక్కమొహం వేసి, సెలవు పెట్టి, ఫారాలు రెండుసార్లు చదువుకుంటూ కూర్చోవడం చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. అందుకే ఈ చిట్కాలు రాస్తున్నాను.

ఈ పనికి రెండే లక్ష్యాలు పెట్టుకో. ఒంటికి శ్రమ తగలకూడదు. కౌంటర్‌లో కూర్చున్నవాడి కంటే నువ్వే తెలివైనవాడివని తేలాలి. పాస్‌పోర్ట్ చేతికి రావడమన్నది వీటి తర్వాతి సంగతి.

1. గడువు తేదీ ఉన్న పేజీ తెరవొద్దు.

పెద్దవాళ్ళ పాస్‌పోర్ట్ పదేళ్ళు నడుస్తుంది. గడువు తీరడానికి ఏడాది ముందు నుంచే రెన్యువల్‌కి పెట్టుకోవచ్చు. చాలామంది అమాయకులు అలాగే పెట్టేస్తారు. ఏడాదిలో ఎన్ని జరగవు! కంపెనీ మూతపడొచ్చు, నువ్వే మానేసి ఊరికి వచ్చెయ్యొచ్చు. అప్పుడు కట్టిన ఫీజు బూడిదలో పోసిన పన్నీరే. కాబట్టి ఆగు. పాస్‌పోర్ట్‌కి ఆరు నెలల గడువైనా మిగలకపోతే వీసా రెన్యువల్ కాదని కంపెనీ పీఆర్వో గొణుగుతాడు. గొణగనీ. గొణగడానికే వాడికి జీతం ఇస్తున్నారు.

ఎవరైనా గట్టిగా అడిగితే ‘రంజాన్ అయ్యాక’ అను. రంజాన్ అయ్యాక ‘ఎండలు తగ్గాక’ అను. ఎండలు తగ్గాక ‘సంక్రాంతి వెళ్ళాక’ అను. సంక్రాంతి వెళ్ళాక మళ్ళీ రంజాన్ దగ్గరపడుతుంది. ఈ మూడు మాటలతో ఏడాదంతా హాయిగా గడిచిపోతుంది.

వీసా గడువు దాటి ఉండిపోతే యూఏఈలో రోజుకి 50 దిర్హాముల జరిమానా. భయపడకు. ఇవాళే చేతిలోంచి కట్టమని ఎవరూ అనరు, పద్దు రాసుకుంటారంతే. నెలకి 1,500 దిర్హాములు అప్పు పుట్టించుకోగలిగినవాడు మీ క్యాంపులో ఇంకొకడు ఉన్నాడా?

2. పాస్‌పోర్ట్ నీ దగ్గర ఉంచుకోకు.

యజమాని నీ పాస్‌పోర్ట్ తన దగ్గర పెట్టుకోవడం అక్కడి చట్టానికి విరుద్ధం. అయినా నువ్వే తీసుకెళ్ళి ఇచ్చెయ్యి. రసీదు అడగొద్దు, మర్యాదగా ఉండదు. అసలు మన 1967 పాస్‌పోర్టుల చట్టం 17వ సెక్షన్ ప్రకారం పాస్‌పోర్ట్ ఎప్పటికీ కేంద్ర ప్రభుత్వపు ఆస్తే. నీది కాని వస్తువుకి నువ్వెందుకు కాపలా కాయాలి?

కంపెనీ వద్దంటే కిరాణా కొట్టులో తాకట్టు పెట్టు. ఊరికి పంపడానికి డబ్బు తక్కువైన నెలలో ఇంతకన్నా సులువైన అప్పు దొరకదు. వడ్డీ ఎంతో అడగకు. రెన్యువల్‌కి పాత పాస్‌పోర్ట్ కౌంటర్‌లో చూపించాలంటారు కదా, అప్పుడు ‘కొట్టువాడి దగ్గరుంది సార్, ఫోన్ చేసి కనుక్కోండి’ అని నంబరిచ్చెయ్. వాళ్ళూ వాళ్ళూ మాట్లాడుకుంటారు.

3. ఫారం చదవకు.

దరఖాస్తు ఇప్పుడు ఆన్‌లైన్‌లో నింపాలి. దానికి టైపింగ్ సెంటర్లున్నాయి. లోపలికెళ్ళి పాత పాస్‌పోర్ట్ ఫొటోకాపీ, కొన్ని దిర్హాములు బల్ల మీద పెట్టి బయటికొచ్చి చాయ్ తాగు. లోపల కుర్రాడు ‘తల్లి పేరు?’, ‘పుట్టిన ఊరు?’ అని అరిస్తే ‘పాతదాంట్లో ఎలా ఉంటే అలా కొట్టు’ అను. పాతదాంట్లో తప్పుంటే తప్పే కొడతాడు, ఒప్పుంటే వేళ్ళు జారి తప్పు కొడతాడు. ప్రింటు తీసి ‘ఒకసారి చూసుకో భాయ్’ అంటే చూడకుండా సంతకం పెట్టు. చదివి సంతకం పెట్టేవాడు ఎదుటివాణ్ణి నమ్మనివాడు.

4. పేరు ఎక్కడికక్కడ మార్చి రాయి.

ఈ చిట్కా దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. మనవాళ్ళకి ఇంత కలిసొచ్చేది మరోటి లేదు.

మన దగ్గర ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. మండంగి, బిడ్డిక, నిమ్మక, ఆరిక, తోయక, ఏదైనా అంతే. పాస్‌పోర్ట్ ఫారంలో ఇంటిపేరుకి ఒక గడి, పేరుకి ఒక గడి విడిగా ఉంటాయి. ఒట్టి పేరు ఒక్క ముక్కలో రాసెయ్యి, ఇంటిపేరు గడి ఖాళీగా వదిలెయ్యి. 2022 నవంబరులో యూఏఈ వాళ్ళు ఒక కట్టడి పెట్టారు. పాస్‌పోర్ట్‌లో ఒకే పేరుండి, ఇంటిపేరు గడో పేరు గడో ఖాళీగా ఉన్నవాళ్ళని కొత్త వీసాల మీద రానివ్వమన్నారు. అందువల్ల గడి ఖాళీగా వదిలినవాడికి కొత్త వీసా మీద పై ప్రయాణం ఎయిర్‌లైన్స్ కౌంటర్ దగ్గరే ఆగిపోతుంది. విమానంలో మెలకువగా కూర్చునే బాధ తప్పుతుంది.

ఇంటిపేరు ‘సవర’ అయినవాళ్ళకి ఇంకా వెసులుబాటు. రేషన్ కార్డులో సవర, బడి సర్టిఫికెట్‌లో సౌర, బ్యాంకు పుస్తకంలో ఒట్టి ఎస్ అక్షరం. ఇంగ్లీషులో రాసేసరికి ఒక్కో గుమస్తా ఒక్కో స్పెల్లింగు. వీటిలో ఏ రెండూ కలవకుండా ఉన్న కాగితాలే ఏరి జత చెయ్యి. నాన్న పేరు కూడా అంతే. ఒక చోట పూర్తి పేరు, ఒక చోట ముద్దుపేరు. పేర్లన్నీ ఒకటేనని అఫిడవిట్ రాయించుకోమని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. స్టాంపు పేపరు దండగ. పిలిస్తే పలికేది నువ్వే కదా, అంతకన్నా రుజువేం కావాలి?

5. జిల్లా విషయంలో ఎవరికీ అంతుచిక్కకు.

నీ పాత పాస్‌పోర్ట్‌లో కురుపాం విజయనగరం జిల్లా. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడ్డాక కురుపాం అందులోకి వచ్చింది. మామూలు బుద్ధి ఉన్నవాడు ముందు ఆధార్‌లో చిరునామా మార్పించుకుని, ఆ తర్వాత అన్ని కాగితాల్లోనూ ఒకే జిల్లా రాస్తాడు. నువ్వలా చేస్తే నిన్నెవరు గుర్తుపెట్టుకుంటారు? ప్రస్తుత చిరునామాలో విజయనగరం రాయి, శాశ్వత చిరునామాలో పార్వతీపురం మన్యం రాయి. పుట్టిన ఊరి దగ్గర శ్రీకాకుళం రాయి, వినడానికి నిండుగా ఉంటుంది. ఇంటి నంబరు అడిగిన చోట ‘చింతచెట్టు పక్కన’ అని చాలు. కొండ మీద పది ఇళ్ళున్న గూడేనికి నంబర్లేమిటి? ఏ చింతచెట్టో రాయకు.

ఇంకో ఉపాయం. కురుపాం ఎక్కడుందని కౌంటర్‌లో అడిగితే ‘వైజాగ్’ అను. అబద్ధం కూడా కాదు. విశాఖ పాతబస్తీలో కురుపాం మార్కెట్ ఉంది, బంగారం కొట్లకి పేరుమోసిన చోటు. ఉత్తరాలు అక్కడికి రాయించుకో. కొండకొనలో ఉన్న గూడెం పేరు కంటే నగరంలో బంగారం కొట్ల వీధి పేరు గౌరవంగా ఉంటుంది. పోస్ట్‌మ్యాన్ మాత్రం మన ఘాటీ ఎందుకెక్కాలి పాపం!

6. ఫోన్ నంబరు పాతదే ఇవ్వు.

మూడేళ్ళుగా రీచార్జ్ చెయ్యని ఇండియా సిమ్ నంబరు నీకు నోటికొచ్చు. అదే రాయి. ఓటీపీలూ, ‘మీ దరఖాస్తులో ఫలానా లోపం ఉంది’ అన్న మెసేజ్‌లూ ఈపాటికి ఆ నంబరు ఎవరికిచ్చారో వాళ్ళకి పోతాయి. నీ నిద్రకి ఏ ఇబ్బందీ ఉండదు. ఈమెయిల్ టైపింగ్ సెంటర్ కుర్రాడిది పెట్టించు. పాస్‌వర్డ్ వాడికే తెలుసు గనక నువ్వు మర్చిపోయే ప్రమాదం లేదు.

7. ఫొటో కోసం స్టూడియోకి పోకు.

తెల్లటి వెనకతెర ఉండాలి, ఫొటోలో 80 నుంచి 85 శాతం ముఖమే కనిపించాలి, నవ్వకూడదు అంటారు. చెల్లెలి పెళ్ళి ఫొటోలోంచి నీ తల కత్తిరించు. నల్లకళ్ళద్దాలు ఉంటే ఉండనీ. భుజం మీద బావ చెయ్యి మిగిలితే తెల్లరంగు పూయించు.

8. పదో తరగతి సర్టిఫికెట్ కొనుక్కో.

పది పాస్ కానివాళ్ళ పాస్‌పోర్ట్‌కి ఈసీఆర్ (ఎమిగ్రేషన్ తనిఖీ తప్పనిసరి) వర్తిస్తుంది. యూఏఈతో కలిపి 18 దేశాలకి పనికి వెళ్ళాలంటే వాళ్ళు ఎమిగ్రేషన్ అనుమతి తీసుకోవాలి. దాంతోపాటు ప్రవాసీ భారతీయ బీమా చేయించుకోవాలి. ప్రమాదంలో చనిపోతే ఇంటివాళ్ళకి 10 లక్షలొచ్చే పాలసీ అది. రెండేళ్ళకి ప్రీమియం 275 రూపాయలు. నువ్వు మొదటిసారి ఏజెంట్ మాట విని విజిట్ వీసా మీద వెళ్ళి ఆ 275 రూపాయలు మిగిల్చావు. శభాష్. ఆ డబ్బుతో కోడి కూడా వచ్చి ఉంటుంది.

ఇప్పుడు రెన్యువల్‌లో ఆ ఈసీఆర్ బెడద శాశ్వతంగా వదిలించుకో. ఓపెన్ స్కూల్లో కూర్చుని పది పాసవ్వడం ఒక దారి. అందులో పుస్తకాలుంటాయి, మనకి వద్దు. రెండో దారి ఏజెంట్. కొన్నివేలు పారేస్తే నువ్వెప్పుడూ చూడని ఊళ్ళో, నువ్వెప్పుడూ చదవని బళ్ళో, మంచి మార్కులతో పాస్ చేయిస్తాడు. ఒక్క జాగ్రత్త: సర్టిఫికెట్‌లో పుట్టిన తేదీ పాత పాస్‌పోర్ట్ తేదీతో కలవకుండా చూసుకో. రెండు తేదీలుంటే ఎప్పుడు ఏది అవసరమో అది వాడుకోవచ్చు.

9. అపాయింట్‌మెంట్ రోజున పడుకో.

తీసుకున్న అపాయింట్‌మెంట్‌కి వెళ్ళడం మొదటిసారివాళ్ళు చేసే పని. ముందు ఫోర్‌మ్యాన్ దగ్గర సెలవు రాబట్టు. ‘కాన్సులేట్ పని’ అని నిజం చెప్తే సగం రోజే ఇస్తాడు. ‘తాత పోయాడు’ అను, పూర్తి రోజు ఇస్తాడు. తాత ఇదివరకే పోయాడని రికార్డులో ఉంటే మేనత్త మామగారిని వాడు. ఊళ్ళో కందికొత్తల పండగ అని కూడా చెప్పొచ్చు. కొత్త కందులు తినడానికి ముందు ఒక రోజు నియమంగా ఉండాలని మొహం గంభీరంగా పెడితే ఏ దేశపు ఫోర్‌మ్యానైనా నమ్ముతాడు. వచ్చిన సెలవు ఫ్యాన్ కింద గడుపు.

తర్వాత ఎప్పుడైనా వెళ్ళాల్సి వస్తే ఆగస్టు 15న వెళ్ళు. కాన్సులేట్‌లో జెండా ఎగురుతుంది, మిఠాయి పెడతారు, పాస్‌పోర్ట్ పని మాత్రం ఉండదు. దీపావళికి మన సెలవు, ఈద్‌కి వాళ్ళ సెలవు. రెండు దేశాల పండగలూ కలిసొచ్చే ఆఫీసు అది, ఆ భాగ్యం వాడుకో. నువ్వు ఉండేది అబుదాబీ ఎమిరేట్‌లో అయితే అక్కడి రాయబార కార్యాలయం వదిలేసి దుబాయ్ కాన్సులేట్‌కి రా. షార్జాలో ఉంటే అబుదాబీ పో. బస్సులో ఏసీ ఉంటుంది.

నీకు బద్ధకంగా ఉంటే రూమ్మేట్‌ని పంపు. మనిషి స్వయంగా రావాలంటే ‘నేనే అతను’ అని చెప్పమను. నీ ఫొటోలో నల్లకళ్ళద్దాలు ఉన్నాయి కాబట్టి పెద్ద తేడా తెలియదు.

10. ఊళ్ళో వాళ్ళకి ముందే తర్ఫీదు ఇవ్వు.

నువ్వు దుబాయ్‌లో పెట్టిన దరఖాస్తు మీద పోలీసు విచారణ అవసరమైతే అది జరిగేది నీ సొంతూళ్ళో. కానిస్టేబుల్ గూడెం దాకా వచ్చి ‘ఈ అబ్బాయి మీవాడేనా?’ అని అడుగుతాడు. ఇంట్లో ముందుగా ఏమీ చెప్పకు. పోలీసు అడిగితే ఏదీ ఒప్పుకోకూడదని అమ్మకి చిన్నప్పుడే తెలుసు. ‘అలాటోడు ఇక్కడ లేడు బాబూ’ అంటుంది. పక్కింటివాళ్ళు ఇంకా జాగ్రత్తపరులు, ఆ ఇల్లే ఎప్పుడూ చూడలేదంటారు. ఫోన్ చేసి కనుక్కుందామంటే సిగ్నల్ కోసం గుట్టెక్కాలి. కానిస్టేబుల్ ఎక్కడు. ‘చిరునామాలో లేడు’ అని రిపోర్టు వెళ్తుంది. అందులో తప్పేముంది? నువ్వు నిజంగానే అక్కడ లేవు.

11. కుటుంబాన్ని తెచ్చుకున్న అన్నలకి ఒక మాట.

అక్కడ బిడ్డ పుడితే తొందరపడి కాన్సులేట్‌కి పరుగెత్తకండి. పుట్టిన ఏడాదిలోగా నమోదు చేయించాలని మన పౌరసత్వ చట్టం అంటుంది, ఏడాది దాటితే కేంద్రం అనుమతి కావాలంటుంది. 120 రోజుల్లో బిడ్డకి వీసా తీసుకోవాలని యూఏఈ అంటుంది, దానికేమో ముందు పాస్‌పోర్ట్ కావాలి. ఇద్దరి మాటా వినకండి. పేరు పెట్టడానికి తాతగారు ఊరి నుంచి కబురు పంపాలి, తాతగారికి సిగ్నల్ దొరకాలి. బిడ్డకి ఏ దేశపు కాగితమూ లేకుండా నాలుగేళ్ళు గడిస్తే బడిలో కూడా చేర్చుకోరు. ఫీజులు మిగిలాయి.

12. పాస్‌పోర్ట్ పోయిందని చెప్పు.

ఇన్ని పాటించాక కూడా పని ముందుకి కదిలేలా కనబడితే ఇది వాడు. కొట్టువాడి దగ్గర తాకట్టులో ఉన్న పాస్‌పోర్ట్ విడిపించాలంటే డబ్బు కట్టాలి. పోలీసులకి ‘పోయింది’ అని రాసిచ్చి కొత్తది అడిగితే ఫీజు ఎక్కువైనా అప్పు ఎగ్గొట్టినట్టవుతుంది. ఎక్కడ పోయిందంటే ‘టాక్సీలో’ అను. ఏ టాక్సీ అంటే ‘పసుపుదో తెల్లదో’ అను.

పోయిందని నమోదైన మరుక్షణం నుంచి ఆ పాత పుస్తకం చెల్లదు. తర్వాత మళ్ళీ దొరికినా ప్రయాణానికి పనికిరాదు. నువ్వు మాత్రం దాన్ని పారెయ్యకు. ఎప్పుడో మనసు మారి, అప్పు తీర్చి, దాన్ని విడిపించుకుని, దాంతోనే ఎయిర్‌పోర్ట్‌కి వెళ్ళు. ఇమిగ్రేషన్ వాళ్ళు పక్కగదిలో కూర్చోబెట్టి నీతో విడిగా మాట్లాడతారు. అందరితో అలా మాట్లాడరు.

13. అవుట్‌పాస్ దగ్గరికి చేరుకో.

ఇప్పుడు నీకు పాస్‌పోర్ట్ లేదు, వీసా లేదు, కంపెనీ నిన్ను ‘పారిపోయినవాడు’ అని రాయించేసింది. నిన్ను ఖల్లివెల్లి అంటారు. స్వేచ్ఛాజీవి అన్నమాట. రోజుకూలీకి పని దొరికితే దొరుకుతుంది, కూలీ ఇవ్వకపోతే ఫిర్యాదు చేసే తంటా లేదు. జ్వరమొస్తే ఆస్పత్రి చుట్టూ తిరగక్కర్లేదు, ఐడీ లేనివాడిని ఎలాగూ చూడరు.

జరిమానా సంగతి మర్చిపో. యూఏఈ వాళ్ళు అప్పుడప్పుడు క్షమాభిక్ష ప్రకటిస్తారు. 2007లో ఇచ్చారు, 2012 చివర్లో ఇచ్చారు, 2018లో ఆగస్టు నుంచి డిసెంబరు దాకా ఇచ్చారు, 2024లో సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా ఇచ్చారు. ఈ లెక్కన 2030 దాకా పోలీసు కంట పడకుండా ఓపిక పడితే చాలు. ఏడాదికి 18,250 దిర్హాముల చొప్పున పెరిగిన పద్దంతా మాఫీ. అంత సొమ్ము ఒక్క దెబ్బలో మిగిల్చిన మనిషి కురుపాం మండలంలో ఉండడు.

అప్పుడు కాన్సులేట్ వాళ్ళే నీకు ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తారు. మనవాళ్ళు అవుట్‌పాస్ అనేది దాన్నే. ఇండియాకి ఒకే ఒక్కసారి, ఒకే వైపు ప్రయాణం. పదేళ్ళ పాస్‌పోర్ట్ కోసం అందరూ తంటాలు పడుతుంటే నువ్వు ఒక్క కాగితంతో పని ముగించావు. ఇక రెన్యువల్ గొడవే లేదు, దానికి గడువు పొడిగింపు అంటూ ఉండదు గనక. ఇదే నేను నీకు కోరుకున్న విజయం. జీతం బకాయి, సామాను, గ్రాట్యుటీ అక్కడే వదిలెయ్యి. బరువు లేకుండా వస్తే విశాఖ స్టేషన్‌లో కూలీ ఖర్చు తప్పుతుంది.

14. కొత్త పాస్‌పోర్ట్‌కి అన్నిటికీ ‘లేదు’ అని కొట్టు.

ఊళ్ళో జీడితోట చూసుకుంటూ కొన్నాళ్ళు గడిచాక మళ్ళీ గల్ఫ్ మీదికి మనసుపోతుంది. దరఖాస్తు విశాఖ మర్రిపాలెంలోని ప్రాంతీయ పాస్‌పోర్ట్ ఆఫీసు చేతికి వెళ్తుంది. ఆ ఫారంలో వరసగా కొన్ని ప్రశ్నలుంటాయి. ఇంతకుముందు పాస్‌పోర్ట్ ఉండేదా? ఎమర్జెన్సీ సర్టిఫికెట్ మీద ఎప్పుడైనా ఇండియాకి తిరిగొచ్చారా? ఏ దేశమైనా మిమ్మల్ని వెనక్కి పంపేసిందా? అన్నిటికీ ‘లేదు’. కంప్యూటర్‌లో నీ పాత నంబరు, పోయిందన్న ఫిర్యాదు, ఎమర్జెన్సీ సర్టిఫికెట్ వివరం అన్నీ ఉంటాయి కానీ అవి వెతకాలంటే వాళ్ళు ఒక మీట నొక్కాలి. వాళ్ళకీ బద్ధకం ఉంటుందని నమ్ము.

సమాచారం దాచి పాస్‌పోర్ట్ తీసుకుంటే ఆ 1967 పాస్‌పోర్టుల చట్టమే 12వ సెక్షన్ కింద రెండేళ్ళ దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఎక్కడా ‘తప్పకుండా రెండూ’ అనలేదు చూడు. దానికి ముందు సంజాయిషీ అడుగుతూ నీకు నోటీసు పంపుతారు. ఆ నోటీసు నువ్వు రాయించిన చిరునామా ప్రకారం విశాఖ కురుపాం మార్కెట్‌లో బంగారం కొట్ల మధ్య తిరిగి తిరిగి, ‘చింతచెట్టు’ దొరక్క వెనక్కి పోతుంది. సంజాయిషీ రాసే పని కూడా నీకు తప్పింది.